జపాను బొమ్మకు తెనాలి లైనింగు

2023, వానాకాలం. తెనాలి మార్కెట్టు వెనక సందులో మా బైండింగ్ షాపు. ముందు కటింగ్ మిషను, మధ్యలో కుట్టుబల్ల, లోపల గోడ వారన నిప్పింగ్ ప్రెస్. పైన చక్రం తిప్పితే ఇనుప పలక కిందికి దిగి పుస్తకాన్ని నొక్కిపట్టే యంత్రాన్ని నిప్పింగ్ ప్రెస్ అంటాం. మా తాత కొన్నది. మా నాన్న దాని పక్కనే ముసలివాడయ్యాడు, ఇప్పుడు నేనూ అవుతున్నాను. నా పేరు మస్తాన్ వలి. పని నేర్చుకుని నలభై ఏళ్ళు దాటింది. ఒకప్పుడు ఈ ఊళ్ళో అచ్చయిన పుస్తకాలు బళ్ళకొద్దీ మా బల్ల మీదికి వచ్చేవి. ఇప్పుడు కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, ఆఫీసు రిజిస్టర్లు, ఎప్పుడైనా ఒక పాత గ్రంథం. స్పైరల్ బైండింగ్ అడిగితే పక్క షాపు చూపిస్తాను. అది బైండింగ్ కాదు, కాయితాలకు చెవులు కుట్టడం.

ఆ రోజు షాపుకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె సుజాత గారు, బాపట్లలో ఇంగ్లీషు లెక్చరరు. వాళ్ళ నాన్నగారి పుస్తకాలు నేనే బైండు చేశాను కాబట్టి ముందే తెలుసు. రెండో ఆమె నాగేశ్వరమ్మ, సూర్యలంక పల్లెకారుల మనిషి. అరవై ఏళ్ళు ఉంటాయి. ఎండుచేపల వ్యాపారం. చేతిలో మూడడుగుల ప్లాస్టిక్ పైపు. బోరుబావికి వేసే పైపు. దాని రెండు మూతులకూ గుడ్డలు కుక్కి ఉన్నాయి. పైపులోంచి పాత లుంగీ, లుంగీలోంచి ఒక చుట్ట తీసి నా బల్ల మీద పెట్టింది.

విప్పితే ఐదడుగుల పొడవున్న బొమ్మ. వెడల్పు అడుగున్నర. చుట్టూ పట్టు అంచు. ఒకప్పుడు లేత నీలం అయ్యుంటుంది, పొగ పట్టి పట్టి చేప వేపుడు రంగుకి తిరిగింది. మధ్యలో కాయితం మీద నల్ల సిరాతో గీసిన బొమ్మ. కింద ఇసుక, ఒక పక్కన సరుగుడు చెట్లు, నీటి ఒడ్డున ఒకే ఒక్క పడవ. సముద్రం గీయలేదు. కాయితాన్ని ఖాళీగా వదిలేశాడు, అదే సముద్రం. ఆ ఖాళీకి అవతల మంచులో ఒక కొండ.

సూర్యలంకలో కొండెక్కడుందమ్మా అని అడిగాను. లేదు, అది ఆయన ఊరి కొండట, ఇక్కడికి తెచ్చి పెట్టుకున్నాడు అంది నాగేశ్వరమ్మ. ఆమె భర్త పోతురాజు బొమ్మ చూసిన మొదటి రోజే ఆ కొండ దాకా వెళ్ళాలంటే డీజిలు చాలదని తేల్చేశాడట.

కథంతా సుజాత గారు చెప్పారు. పాతికేళ్ళ కిందట నిషిమురా అనే జపాను చిత్రకారుడు వాళ్ళ నాన్నగారి పిలుపు మీద బాపట్ల వచ్చాడు. ప్రకృతి దృశ్యాలు గీసే మనిషి. రెండు రోజులు చూసి పోదామని సూర్యలంక వెళ్ళినవాడు చలికాలమంతా అక్కడే ఉండిపోయాడు. పోతురాజు పడవలో తిరిగాడు, నాగేశ్వరమ్మ ఇంట్లో అన్నం తిన్నాడు. వెళ్ళేముందు ఈ బొమ్మ గీశాడు. తనతో తీసుకెళ్ళి, అక్కడ పట్టు అంచులు వేయించి, మరుసటి ఏడు పోస్టులో పంపాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. దసరా వెళ్ళాక కూతురిని తోడు తీసుకుని వస్తున్నానని, ఇదే తన ఆఖరి ప్రయాణమని రాశాడు. ఉత్తరం చివర ఒక్కటే అడిగాడట, నా బొమ్మ క్షేమమేనా అని.

క్షేమంగా ఉందని నాగేశ్వరమ్మ జవాబు రాయించింది.

నేను బొమ్మ వంక చూశాను. కింద బొమ్మను చుట్టే గుండ్రటి కర్రను చెదలు సగం తినేశాయి. వెనక కాయితం బుడగలుగా లేచింది, అక్కడక్కడా బూజు. అడ్డంగా ఏడు చోట్ల పగుళ్ళు, వాటిలో ఒకటి కొండకీ పడవకీ మధ్య అటు చివరి నుంచి ఇటు చివరికి దాదాపు తెగిపోయి ఉంది. జపాను వాళ్ళు ఇలాంటి చుట్టబొమ్మను కొన్నాళ్ళు వేలాడదీసి, మళ్ళీ చుట్టి పెట్టెలో దాచేస్తారట. మనవాళ్ళు పాతికేళ్ళూ పొయ్యి ఉన్న గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. దేవుడి పటాన్ని పెట్టెలో పెట్టం కదా. అంతకు ముందు వారమే రేపల్లెలో ఉంటున్న నాగేశ్వరమ్మ కూతురు దీన్ని లామినేషన్ చేయిస్తానని తీసుకెళ్ళింది. మిషనులో వెడల్పు పట్టదని వాళ్ళు తిప్పి పంపారు. పట్టకపోవడమే మంచిదైంది. ప్లాస్టిక్కులో వేడిగా నొక్కితే ఇక ఏ చెయ్యీ దాన్ని బాగుచేయలేదు.

"నేను పచ్చి అబద్ధం రాయించానన్నా," అంది నాగేశ్వరమ్మ. "ఆయన మా చేతి అన్నం తిన్న మనిషి. ఇంట్లోకి రాగానే అడిగేది దీన్నే. ఆయన ముందు నేను తల దించుకోకుండా చూడు. అంతే అడుగుతున్నా."

నాకు ఈ పని రాదని చెప్పాలి. జపాను చుట్టబొమ్మను నేను అంతకు ముందు కళ్ళతో చూడలేదు. కానీ రాదు అనే మాట నా నోటికి అంత తేలిగ్గా రాదు. మా ఇంటావిడ ఫాతిమా దీన్ని రోగం అంటుంది. చూద్దాం, ఇక్కడ పెట్టి వెళ్ళండి అన్నాను.

మొదటి పది రోజులు బొమ్మను ముట్టుకోలేదు. సుజాత గారు ఫోనులో నాలుగు వీడియోలు పంపారు. జపానులో చుట్టబొమ్మలకు వెనక కాయితాలు, అంచులు వేసే పనివాళ్ళవి. అక్కడ అది పెద్ద వృత్తి. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి. కుంచె పట్టే తీరు, తడి కాయితం ఎత్తే తీరు, వేళ్ళు ఎక్కడ తడబడతాయో చూసి ముందే జాగ్రత్తపడే తీరు. ఐదోసారి చూస్తున్నప్పుడు నాకు సగం ధైర్యం వచ్చింది. వాళ్ళు చేస్తున్నది లైనింగే. పాత పుస్తకంలో పొడిపొడి అయ్యే పేజీకి వెనక సన్నని కాయితం అంటించి బలం ఇవ్వడాన్ని మేం లైనింగ్ అంటాం. అది నేను కొన్ని వందల పేజీలకు చేశాను. ఐదడుగుల పేజీకి ఎప్పుడూ చేయలేదు, అంతే తేడా.

మిగతా సగం ధైర్యం బంక దగ్గర వచ్చింది. మా పనిలో ఇప్పుడందరూ డబ్బాలో వచ్చే తెల్ల జిగురు వాడతారు. పట్టిందంటే వదలదని గొప్పగా చెప్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. వదలని జిగురు తెలివితక్కువ జిగురు. బంక ఎప్పుడూ కాయితం కంటే బలహీనంగా ఉండాలి. అప్పుడే రేపు మరో బైండరు తడిపి విప్పగలడు, కాయితం చిరగదు. వీడియోలో వాళ్ళు గోధుమపిండిలో జిగట తీసేసి, మిగిలిన తెల్లటి పిండితో గంజిలాంటి పలచటి బంక కాస్తున్నారు. ఇదెక్కడో చూశానే అనుకుంటుండగా ఫాతిమా వెనక నుంచి తొంగిచూసి, ఇది మన హల్వాకి తీసే గోధుమపాలే కదా అంది.

నిజమే. గోధుమలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు తేరనిస్తే అడుగున పేరుకునే పిండి అది. మూడు రోజులు మా ఇంట్లో అదే పని. తేరిన నీళ్ళు ఒంపడం, కొత్త నీళ్ళు పోయడం. పక్కింటావిడ హల్వా అనుకుని గిన్నె పంపించింది. చక్కెర లేని హల్వా పంపలేక ఫాతిమా ఆమెకు వేరే చేసి ఇవ్వాల్సి వచ్చింది.

ముందు స్పాట్ టెస్ట్ చేశాను. అంటే ఒక మూల చిన్న చుక్క తడి పెట్టి, దూదితో అద్ది రంగు ఊడుతుందేమో చూడటం. నల్ల సిరా కదల్లేదు. కింద మూల ఆయన వేసిన ఎర్రటి ముద్ర కూడా కదల్లేదు. ఆ తరవాత మెత్తటి కుంచెతో పాతికేళ్ళ పొగ దులపడం మొదలుపెట్టాను. పైనుంచి కిందికి రోజుకు ఒక జానెడు. కొండ బయటపడింది, చెట్లు బయటపడ్డాయి. పడవ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

పడవ అణియం మీద, అంటే ముందు కొస మీద, పసుపు పెచ్చు కట్టి ఉంది. ఏదో ఒకసారి చెయ్యి తగిలి అంటింది కాదు. పొర మీద పొరగా, ఏళ్ళ తరబడి పెడితే తప్ప అంత మందం కాదు. పెచ్చును దులిపితే రాలింది గానీ, కింద కాయితంలోకి దిగిన పసుపు పచ్చగా అలాగే ఉంది. బొటనవేలి గోరంత. నీళ్ళకు లొంగలేదు.

లొంగేది దేనికో ఈ ప్రాంతంలో ఏ ఇల్లాలైనా చెప్తుంది. చీర మీద పసుపు మరక పడితే ఎండలో ఆరేస్తే పోతుంది. వేరే కాయితం మీద పసుపు రాసి డాబా మీద పెట్టి చూశాను. వానల మధ్య దొరికిన రెండు మధ్యాహ్నాల ఎండకే వెలిసిపోయింది. నల్ల సిరాకు ఎండ అంటే భయం లేదు. చుట్టూ నల్లగుడ్డ కప్పి, ఆ గోరంత చోటు మాత్రం ఎండకు చూపిస్తే చాలు. కాబట్టి ఆ మరక తీయడం నాకు చేతనవును.

ఆ శనివారం నాగేశ్వరమ్మ ఎండుచేపలు అమ్మడానికి తెనాలి వచ్చి, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని షాపులోకి అడుగుపెట్టింది. పసుపు చూపించి ఇదేంటమ్మా అని అడిగాను. ఆమె ముఖం అదోలా అయింది. ముందు ఏదో పిల్లల పని అంది. నేను ఊరుకోలేదు. అప్పుడు చెప్పింది.

వాళ్ళ సొంత పడవ ఉన్నన్నాళ్ళూ అది ఇంటి ముందు ఇసుకలోనే ఉండేది. పోతురాజు వేటకు వెళ్ళే ప్రతిసారీ ఆమె అణియానికి పసుపు రాసి పంపేది. పడవ పాతబడి పనికిరాకుండా పోయాక, ఆయన నిజాంపట్నం రేవులో వేరేవాళ్ళ మరపడవ మీద పనికి కుదిరాడు. వెళ్తే పది రోజులు, పన్నెండు రోజులు. రేవు దూరం, పడవ పరాయిది, దానికి పసుపు రాయడానికి ఈమె ఎవరు? ఇంట్లో గోడ మీద మాత్రం ఒక పడవ ఉంది.

"మా ఆయన గడప దాటాక దానికే పెట్టేదాన్నన్నా. పదిహేనేళ్ళు పెట్టాను. ప్రతిసారీ వచ్చాడు," అంది. వెంటనే గొంతు తగ్గించి, "అది తీసెయ్యి. అంత పెద్దాయన గీసిన బొమ్మ మీద పసుపు పామానని తెలిస్తే ఏమనుకుంటాడు? ఆ మచ్చ కనపడకూడదు," అంది.

సరేనని నోటిదాకా వచ్చింది. కానీ నాకు చుండూరు నుంచి వచ్చిన ఒకాయన గుర్తొచ్చాడు.

అప్పటికి నేను షాపు చేతిలోకి తీసుకుని ఏడాది. ఆ పెద్దమనిషి వాళ్ళమ్మ చదువుకున్న పాత భారతం తెచ్చాడు. అంచులు నలిగి, మడతలు పడి ఉన్నాయి. కొత్త కుట్టు కుట్టి, మూడు పక్కలా ట్రిమ్మింగ్ చేశాను. ట్రిమ్మింగ్ అంటే కటింగ్ మిషనులో పెట్టి అంచులు సమంగా కోసేయడం. పుస్తకం పెళ్ళికొడుకులా తయారైంది. ఆయన వచ్చి పేజీలు తిప్పి, మా అమ్మ పక్కన పెన్సిలుతో రాసుకున్న మాటలేవి అని అడిగాడు. అంచుల్లో సన్నగా ఏవో గీతలు ఉన్నాయి, నిజమే, నేను వాటిని మురికి అనుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చెత్తబుట్ట పక్కన నేల మీద కూర్చుని, కోసిన పీలికలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, రాత ఉన్నవి ఏరుకుని జేబులో పెట్టుకుని వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. ఆ సిగ్గు ఇప్పటికీ నాలో ఉంది.

నేను పసుపు తీయనని నాగేశ్వరమ్మతో చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. రావడంలో తప్పు లేదు. బొమ్మ ఆమెది, మాట పోయేది ఆమెదే, మధ్యలో నా పట్టుదల ఏంటి? పరువు కాపాడమని వస్తే పరువు తీసేలా ఉన్నావంది. నేనూ మొండివాణ్ణే. మురికి తీయమంటే తీస్తాను, చిరుగు కుట్టమంటే కుడతాను, ఇది రెండూ కాదన్నాను. ఆయన ఏమైనా అంటే తప్పు నా మీద వేసుకుంటాను, పని చేస్తుండగా నా చేతి పసుపు అంటిందని నేనే చెప్తాను అన్నాను.

"సాయిబు చేతికి పసుపేంటన్నా, ఎవరు నమ్ముతారు?" అంది. అని, నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తూ వెళ్తూ, ఏమైనా తేడా వస్తే మీ షాపు ముందు కూర్చుని చేపలు అమ్ముతానని బెదిరించి మరీ వెళ్ళింది.

ఇక అసలు పని. బొమ్మను బోర్లా పరిచి, వెనక నీళ్ళు మంచులా చిలకరించి, పాత లైనింగ్ నానేదాకా ఆగాలి. తొందరపడితే బొమ్మ కూడా ఊడి వస్తుంది. నానాక పాత కాయితాన్ని వేళ్ళ కొసలతో చుట్టలు చుట్టలుగా వలిచాను. పాత బంక చక్కగా వదిలింది. పాతికేళ్ళ కిందట జపానులో ఆ బంక రాసిన మనిషెవరో నాకు తెలియదు గానీ, నా కోసమే రాసి పెట్టినట్టు అనిపించింది.

మధ్య పగులు దగ్గరికి వచ్చేసరికి నా భయం నిజమైంది. వెనక కాయితం లేచిన మరుక్షణం బొమ్మ రెండు ముక్కలైపోయింది. పైన కొండ, కింద పడవ. షాపు షట్టరు సగం దించి, కాసేపు స్టూలు మీద కూలబడ్డాను. ఒక మనిషి ఎనభై ఏళ్ళ వయసులో సముద్రం దాటి వచ్చి చూడబోయేది నా బల్ల మీద రెండుగా పడి ఉంది. ఫాతిమా అన్నం తెచ్చి, నా ముఖం చూసి, క్యారేజీ పక్కన పెట్టి కూర్చుంది. తరవాత బల్ల దగ్గరికి వెళ్ళి చూసి, చిరగలేదు కదా, విడిపోయింది, అంతేగా అంది. కుట్టుపని తెలిసిన మనిషి మాట అది. చిరిగితే పీచు పోతుంది, విడిపోతే అంచులు అంచులుగానే ఉంటాయి. భూతద్దం పెట్టి చూశాను. ఆవిడ మాట నిజం. రెండు అంచుల పీచులూ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

రెండు ముక్కలను తడి మీదే దగ్గరికి జరుపుతూ, సరుగుడు కొమ్మ ఒకటి ఆ గీత దాటి పైకి వెళ్తుంటే దాన్నే ఆనవాలుగా పెట్టుకుని కలిపాను. కొమ్మ కొమ్మలో కలిసింది. వెనక మల్బరీ నారతో చేసిన సన్నటి కాయితం, హైదరాబాదు నుంచి తెప్పించింది, పలచటి గోధుమ బంకతో లైనింగ్ వేశాను. పగుళ్ళ మీద వేలెడు వెడల్పు పట్టీలను గ్రెయిన్ అడ్డం తిప్పి వేశాను. కాయితానికి పీచు నడిచే దిక్కును గ్రెయిన్ అంటాం. దిక్కు మార్చి వేస్తే మడత మళ్ళీ అక్కడే పడదు. దాని మీద రెండో లైనింగ్. తరవాత బొమ్మ చుట్టూ అంచులకు మాత్రమే బంక రాసి, పాత తలుపు చెక్కకు అంటించి నిలబెట్టాను. ఆరుతూ బిగుసుకోవాలి. ఎండాకాలమైతే గబగబా ఆరి ఫట్టున పగిలేది. వానాకాలం తేమకు ఎనిమిది రోజులు పట్టింది. ఎనిమిది రోజులూ రోజుకు పదిసార్లు వెళ్ళి చూశాను. తొమ్మిదో రోజు పొద్దున గోటితో మీటితే డప్పులా మోగింది. ఆ చప్పుడుకు నాకు కలిగిన సంతోషం దాచుకోలేదు. సందులో టీ కొట్టు దగ్గరున్న వాళ్ళందరినీ లోపలికి పిలిచి మరీ వినిపించాను.

పాత పట్టులో మిగిలింది మిగిల్చి, పోయిన చోట చీరాలలో అదే లేత నీలం పట్టు వెతికి వేశాను. చెదలు తిన్న కర్రకు బదులు మంచం కోళ్ళు చేసే వడ్రంగి కొత్తది గుండ్రంగా తరిణె పట్టి ఇచ్చాడు. ఒక చెక్క పెట్టె కూడా చేయించాను, ఈసారైనా చుట్టి దాచుకుంటారని.

నిషిమురా గారు వచ్చే రోజు తెనాలి నుంచి బాపట్లకి పాసింజరులో వెళ్ళాను. పెట్టెను సామాన్ల బల్ల మీద పెట్టమని పక్కాయన సలహా ఇస్తే ఒళ్ళో పెట్టుకుని వినపడనట్టు కూర్చున్నాను. సుజాత గారు నన్ను స్టేషను నుంచి సూర్యలంక తీసుకెళ్ళారు. పోతురాజు తెల్లచొక్కా వేసుకుని చేతికర్రతో గుమ్మంలో నిలబడ్డాడు. నాగేశ్వరమ్మ నా వంక చూసిన చూపులో నమస్కారం, బెదిరింపు రెండూ ఉన్నాయి.

సన్నగా, పొట్టిగా, తెల్లటి జుట్టుతో, కూతురి చెయ్యి పట్టుకుని కారు దిగాడు నిషిమురా గారు. పోతురాజునీ ఆయన్నీ పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ములనుకుంటారు. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన మాట కూతురు ఇంగ్లీషులోకి, సుజాత గారు తెలుగులోకి మార్చి చెప్పాలి. వాళ్ళిద్దరికీ మాత్రం అంతసేపూ ఎవరూ ఏమీ మార్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

బొమ్మ చూపించమన్నాడు. నేను పెట్టె తీసి, గోడకున్న మేకుకి తగిలించి, మెల్లగా కిందికి విప్పాను. కర్ర బరువుకి బొమ్మ ఎక్కడా మెలి తిరక్కుండా నిలువుగా దిగింది. ఆయన బొమ్మ వైపు చూడలేదు. దగ్గరికి వచ్చి, కింది కర్ర పట్టుకుని ఎత్తి, వెనక వైపు చూశాడు. లైనింగ్ మీద చెయ్యి తిప్పాడు. పగుళ్ళ పట్టీలు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. మధ్య పట్టీ దగ్గర వేలు ఆగింది. బొమ్మ తెగిందని ఆయనకు తెలిసిపోయింది.

ఎవరు చేశారని అడిగాడు. సుజాత గారు నన్ను చూపించారు. ఏ ఊళ్ళో నేర్చుకున్నారని అడిగాడు. తెనాలి అన్నాను. ఆ పేరు రెండుసార్లు నోట్లో తిప్పుకుని, నా ముందు నడుం వంచి నమస్కరించాడు. నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాను. పుస్తకం మీద రాసినవాడి పేరు ఉంటుంది, అచ్చేసినవాడి పేరు ఉంటుంది. నా పనిని వెనక నుంచి చూసిన మొదటి మనిషి ఆయన. నా కళ్ళు తడిశాయి, దాన్ని నేనేమీ దాచిపెట్టలేదు.

అప్పుడు బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొండ చూశాడు, చెట్లు చూశాడు. పడవ దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగాడు. నేను ముందే అనుకున్న అబద్ధం చెబుదామని గొంతు సవరించుకున్నాను. కానీ నాగేశ్వరమ్మ నన్ను పక్కకి నెట్టి ముందుకు వచ్చింది.

"ఆ పసుపు నేను పెట్టిందేనండి. మా ఆయన వేటకెళ్ళినప్పుడల్లా పెట్టాను. బొమ్మ క్షేమంగా ఉందని రాయించింది కూడా అబద్ధమేనండి. చెడిపోతే ఈ అన్న బాగుచేశాడు. మీకు కోపమొస్తే నన్నే అనండి," అంది.

ఆ మాటలు రెండు భాషలు దాటి ఆయన దగ్గరికి చేరాయి. విన్నాక ఆయన పోతురాజు వైపు తిరిగి ఏదో అడిగాడు. ప్రతిసారీ తిరిగి వచ్చారా అని అడుగుతున్నారని సుజాత గారు చెప్పారు.

"ఎదురుగానే ఉన్నాగదండి," అన్నాడు పోతురాజు.

ఆయన నవ్వాడు. నవ్వి, బొమ్మ వైపు చూస్తూ మెల్లగా మాట్లాడాడు. కూతురు ఇంగ్లీషులో చెప్తుంటే సుజాత గారు తెలుగులో చెప్పారు. "నేను గీసిన బొమ్మలు ఎన్నో ఇళ్ళల్లో వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ళు చూసి బాగుందంటారు. వాటిలో పని చేసింది ఇదొక్కటే."

నాగేశ్వరమ్మ ఏడ్చింది. అది ఏడుపు కాదు, గెలుపు. తల ఎత్తుకునే ఏడ్చింది.

అంతటితో అయిందనుకున్నాను. నేను బొమ్మ చుట్టబోతుంటే ఆయన ఆపాడు. తను కూడా వచ్చే వారం సముద్రం దాటి ఇంటికి వెళ్ళాలి కదా, తన కోసం ఒకసారి పసుపు పెట్టమని నాగేశ్వరమ్మను అడిగాడు. ఆమె లోపలికి వెళ్ళి పసుపు గిన్నె తెచ్చింది. గిన్నెలో చెంబుతో నీళ్ళు పోయబోయి, చెయ్యి ఆపి, నా వంక చూసింది. మూడు నెలల నా పని, ఎనిమిది రోజుల డప్పు బిగువు, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

"పొడిది పెట్టమ్మా," అన్నాను. "తడిదైతే కాయితం పీల్చేస్తుంది."

ఉంగరపు వేలితో చిటికెడు పసుపు తీసి పడవ అణియానికి అద్దింది. నిషిమురా గారు, పోతురాజు, నేను, ముగ్గురు ముసలాళ్ళం వరుసగా నిలబడి చూశాం.

పది రోజుల తరవాత ఆయన క్షేమంగా ఇల్లు చేరాడని సుజాత గారికి మెసేజ్ వచ్చింది. నాగేశ్వరమ్మ వెంటనే నాకు ఫోను చేసి, చూశావా అన్నా అంది, విమానం తనే నడిపినట్టు.

ఆ బొమ్మ చేతికి వచ్చేదాకా ఎవరు ఏ పుస్తకం తెచ్చినా నేను ముందు చూసేది అది ఎంత పాడైందని. ఎన్ని కుట్లు తెగాయి, ఎన్ని పేజీలు నలిగాయి, ఎక్కడ కోయాలి. అది పనితనమే, కాదనను. కానీ అంతవరకే చూసేవాడు ఎప్పుడో ఒకప్పుడు పెన్సిలు రాతను కోసేస్తాడు, పసుపును ఎండకు పెట్టి పోగొడతాడు. అందుకని ఇప్పుడు ఎవరైనా బల్ల మీద పుస్తకం పెడితే, విప్పకముందే ఒకటి అడుగుతున్నాను. ఇది మీ ఇంట్లో ఏం పని చేస్తోందండీ అని. చాలామంది నా వైపు వింతగా చూస్తారు. కొందరు మాత్రం కాసేపు ఆలోచించి చెప్తారు. వాళ్ళు చెప్పాక, ఆ పుస్తకంలో నా చెయ్యి ఎక్కడ ఆగాలో నాకు తెలిసిపోతుంది.